రెండూ ఐదుకు చిన్నమ్మ

నాకింకా ముప్పై నిండలేదు. చిన్ననాటి జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నాకూ తెలుసు. దానికి కాస్త నెరిసిన జుట్టు, ఒక పడక్కుర్చీ, చెప్పింది వినే మనవళ్ళు ఉండాలి. నా దగ్గర ఉన్నవి రెండే. ఒక ఆఫీసు కంప్యూటరు, ఒళ్ళంతా మంట.

మంటకు కారణం చైనా.

మస్కట్‌లో, ఖురం అనే పేటలో మా ఆఫీసు. ఊరి బయట కొత్త కాలనీలు వేసేవాళ్ళకి రోడ్ల పటాలు గీసిపెట్టడం మా పని. పోయిన వారం మీటింగులో మేనేజరు చైనాలోని ఒక నగరం పటాలు రెండు గోడ మీద వేసి చూపించాడు. ఒకటి పాతది. సందులో సందు కలిసి, ఆ సందు ఇంకో సందులో కలిసి, ఈతాకు చాప అల్లినట్టుంది. రెండోది కొత్తది. ఊరు నాలుగు వైపులా పాకింది. వెడల్పాటి రోడ్లు, రోడ్ల మధ్య గోడలు కట్టిన పెద్ద పెద్ద కాలనీలు, ఒక్కోదానికి ఒకే గేటు. లోపలికి వెళ్ళిన ప్రతి దారీ గోడకి తల కొట్టుకుని ఆగిపోతుంది. కిటికీలోంచి కనిపించే ఇంటికి వెళ్ళాలంటే బస్సెక్కాలి.

"దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది కనెక్టివిటీ," అన్నాడు మేనేజరు, ఆ మాట ఆ రోజు పొద్దున తన ఇంట్లోనే పుట్టినట్టు. తర్వాత నాకో పని అప్పజెప్పాడు. మా కొత్త కాలనీ వేసేచోట ఇప్పుడు జనం ఏ దారిన నడుస్తున్నారో వారం రోజులు మనుషుల్ని కూర్చోబెట్టి రాయించాలి. దానికో ఫారం తయారుచేయాలి. నాలుగు గళ్ళు చాలు. ఎన్ని గంటలకు, ఎవరు, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి.

నేను లేచి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. ఆ నాలుగు గళ్ళ పట్టిక నేను ఆరో తరగతిలోనే గీశాను. అప్పుడు నా చేతిరాతకి బడిలో బహుమతి కూడా ఉండేది.

అప్పట్లో మేం ఈ ఊళ్ళోనే హమ్రియాలో ఉండేవాళ్ళం. మూడంతస్తుల పాత బిల్డింగు. కింద ఒక లాండ్రీ, ఒక మంగలి షాపు, ఖాలా వాళ్ళ గది. ఖాలాది కూడా మా కడపే. బట్టలు కుడుతుంది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ. మెట్లు దిగుతుంటే ముందు ఇస్త్రీ ఆవిరి వాసన తగిలేది, తర్వాత మంగలి షాపు పౌడరు, చివరికి ఖాలా మిషన్ నూనె. పొద్దున్నే వీధి చివరి బేకరీ నుంచి కుబూస్ రొట్టెలు కాలే వాసన వస్తే ఇక మిగతావన్నీ దిగదుడుపే.

బిల్డింగు వెనక ఒక సిక్కా ఉండేది. ఇక్కడి మాటలో సిక్కా అంటే సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి బల్లిలా అతుక్కోవాలి. పైనుంచి ఏసీల నీళ్ళు నెత్తిన పడుతుంటాయి. నా అడుగులతో రెండు వందల పన్నెండు. అటు చివర రాళ్ళ గుట్ట ఎక్కితే పెద్ద పెద్ద విల్లాల వీపులు. అంటే వంటింటి తలుపులు, గ్యాస్ సిలిండర్లు, నీళ్ళ ట్యాంకులు. ముందు వైపు నుంచి చూస్తే ఆ ఇళ్ళది వేరే లోకం. గేటు, తోట, రెండు కార్లు. వెనక వైపు నుంచి చూస్తే మాకు పక్కిల్లు.

అందులో ఒక ఇంటి వంటింట్లో మా చిన్నమ్మ పనిచేసేది.

చిన్నమ్మ మా అమ్మకి సొంత చెల్లెలు. ఇంటిపనికని మాకంటే ముందే ఈ దేశం వచ్చింది. అప్పటికే ఇక్కడ పనిచేస్తున్న నాయనకి ఫ్యామిలీ వీసా వచ్చినప్పుడు అమ్మ పట్టుబట్టి ఈ బిల్డింగులోనే ఇల్లు తీయించింది. బాడుగ తక్కువని తీసుకున్నాం అని నాయన అందరికీ చెప్పేవాడు. అసలు కారణం చెప్పకూడదు. ఎందుకంటే చిన్నమ్మకి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. అంటే ఉన్నాం, కానీ లేము. పనిలో చేర్చేటప్పుడే ఏజెంటు నూరిపోశాడంట: మస్కట్‌లో బంధువులున్నారని చెప్పకు, చుట్టాలు దగ్గర్లో ఉన్న పనిమనిషిని ఏ ఇంట్లోనూ పెట్టుకోరు, ఏ రోజైనా గోడ దూకి పారిపోతుందనుకుంటారు. చిన్నమ్మ అలాగే చెప్పింది. ఒకసారి చెప్పిన అబద్ధాన్ని ఆరేళ్ళు పెంచి పెద్దచేసింది.

ఇంటి యజమానురాలిని వాళ్ళు మామ అని పిలవాలి. ఆవిడకి మీసాలుంటాయని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ మామ మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి పడుకుంటే, అసర్ నమాజుకి అజా వినబడేదాకా లేచేది కాదు. ఆ మధ్య సమయం చిన్నమ్మది. పడుకోమని ఇచ్చిన సమయం. చిన్నమ్మ పడుకోలేదు. వంటింటి తలుపు దగ్గరికేసి సిక్కాలోకి దిగేది. బయటికి పోవచ్చా అని ఎన్నడూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు.

రెండూ ఐదుకల్లా మా ఇంట్లో ఉండేది. ఆమె రాకముందు ఆమె వాసన వచ్చేది. బట్టల్లో లుబాన్ సాంబ్రాణి పొగ, చేతుల్లో ఎండు నిమ్మకాయ, కొంగున చేప. అమ్మ అప్పటికే సంగటి ముద్ద మీద గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఊరిబిండి పెట్టి ఉంచేది. చిన్నమ్మ కూర్చోదు, కూలబడుతుంది. మొదటి ముద్ద మింగాక ఆరోజు మామ ఎలా తుమ్మిందో, బాబా, అంటే మామ మొగుడు, కారు తాళాలు ఎక్కడ పెట్టి ఎవరిని తిట్టాడో నటించి చూపించేది. సగం అరబ్బీ, సగం కడప. అమ్మ నవ్వితే పొలమారేది. నాకు వచ్చిన వెటకారం ఏదైనా ఉంటే అది ఆ ముద్దల మధ్య నేర్చుకున్నదే.

తిన్నాక అమ్మ ఆమెకి తల దువ్వేది. నూనె మాత్రం పెట్టేది కాదు. ఆ ఇంట్లో ఎవరూ కొబ్బరినూనె వాడరు. వాసన పట్టిస్తుంది. ఎండు వెంట్రుకల్ని అమ్మ అట్లా దువ్వుతూనే ఉంటే చిన్నమ్మ నోరు తెరుచుకుని సిమెంటు నేల మీద ఇరవై నిమిషాలు నిద్రపోయేది. అజా మొదలయ్యేసరికి ఎవరూ లేపకుండానే లేచి, నోట్లో ఏలకులు వేసుకుని, సిక్కాలో మాయం.

వెనక నేనూ కొంతదూరం వెళ్ళేదాన్ని. సిక్కా మధ్యలో బ్యాచిలర్ల రూమ్ ఒకటి ఉండేది. వాళ్ళు కిటికీ చూరు మీద ఎండు చేపలు ఆరబెట్టుకునేవాళ్ళు. చిన్నమ్మ పోతూ పోతూ ఒక చేప తీసి నా చేతిలో పెట్టేది. దొంగతనం కదా చిన్నమ్మా అంటే, కాదు మే, మన కడప రోడ్డు మీద టోల్ గేటు ఉండ్లా, ఇది అట్లాంటిది అనేది. ఆ రూమువాళ్ళు పిల్లుల్ని అనుమానించి రాళ్ళు వేసేవాళ్ళు. ఆ పిల్లులకి నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

ఒకరోజు సిక్కా మధ్యలో, ఆ కిటికీకి నాలుగడుగుల ఇవతల, రెండు గోడల మీదా ఎర్ర పెయింటుతో అడ్డగీతలు కనిపించాయి.

పక్క ఖాళీ జాగాలో ఎవరో కంపెనీ స్టాఫు కోసం కాంపౌండు కడుతున్నారంట. సిక్కా మధ్యలోంచి దాని ప్రహరీ వస్తుందంట. సిక్కా మూసుకుపోతే చుట్టూ తిరిగి రావాలి. అంటే గుట్ట అవతలి నుంచి దిగి, పెట్రోల్ పంపు దాటి, కార్లు ఈలలేసుకుంటూ పోయే పెద్ద రోడ్డుకి కట్టిన కంచె పొడవునా నడిచి, ఎక్కడో ఉన్న నడక వంతెన ఎక్కి దిగి రావాలి. నాయన ఒక శుక్రవారం నడిచి చూసి వచ్చాడు. గంట పట్టింది. పోవడానికి గంట, రావడానికి గంట. చిన్నమ్మకి ఉన్నదే రెండు గంటలకి లోపు. అమ్మ సంగటి కట్టె పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ సాయంత్రం ఖాలా గదిలో మీటింగు. మిషన్ మీద సులేమానీ టీ గ్లాసులు, నేల మీద మేం. మీటింగుకి నాయకుడు పై అంతస్తు బాబాయి. గోదావరి మనిషి, ఏదో ఆఫీసులో గుమాస్తా. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడంలో ఆయన్ని మించినవాడు లేడని మొదట ఆయనకీ, తర్వాత మాకూ నమ్మకం. అర్జీ రాశాడు. దానికి ముందు ఇరవై నిమిషాలు అర్జీ అంటే ఏమిటో చెప్పాడు. అందరూ బాగుందన్నారు. అసలు కష్టం సంతకాల దగ్గర వచ్చింది. అర్జీలో మొదటి పేరు ఎవరిదో వాడి బతాకా కార్డు నంబరే ముందు చూస్తారు. నాయన పెన్ను పుచ్చుకుని ఖాలా వాళ్ళాయనకి ఇచ్చాడు. ఆయన లాండ్రీ ఆయనకి ఇచ్చాడు. పెన్ను గదంతా తిరిగి మళ్ళీ నాయన దగ్గరికే వచ్చింది. చివరికి బాబాయి ఉపాయం చెప్పాడు. సంతకాలు వరసగా కాకుండా గుండ్రంగా పెట్టారు. ఎవరూ మొదటివాడు కాదు. అర్జీ కింద అది పిల్లలు వేసిన సూర్యుడిలా ఉంది.

కాంపౌండు కట్టే వాళ్ళ ఆఫీసులో ఆ సూర్యుణ్ణి చూసి నవ్వలేదంట. అక్కడి మనిషి చాలా మర్యాదస్తుడు. డ్రాయింగు తెరిచి చూపించాడంట. ఇక్కడ దారి అనేది లేదు, రెండు ప్లాట్ల మధ్య ఖాళీ మాత్రమే ఉంది, జనం నడుస్తారంటున్నారు కాబట్టి ఎవరు నడుస్తున్నారో రాసి తీసుకురండి, పరిశీలిస్తాను అన్నాడంట. బాబాయి ఆ మాట పట్టుకుని గెలిచినవాడిలా తిరిగొచ్చాడు. రికార్డు కావాలండీ, రికార్డు, అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

బడికి సెలవులు. చేతిరాతకి బహుమతి. ఇంకేం కావాలి. ఖాలా గుమ్మం ముందు పీట వేసుకుని వారం రోజులు కూర్చున్నాను. స్కేలు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను. నాలుగు గళ్ళు, అంతా ఇంగ్లీషులో. పొద్దున ఆరున్నరకి కుబూస్ సంచితో మలయాళీ ఆయన, బేకరీ నుంచి విల్లాలకి. ఏడుంబావుకి బంగ్లా తోటమాలి. పదింటికి గుట్ట మీది ఒమానీ జేజి, ఖాలా దగ్గరికి, పోయినసారి కుట్టిన చేతులు బిగుతయ్యాయని తిట్టడానికి. పన్నెండూ పదికి మేక, ఒంటరిగా, ఎక్కడికో తెలియదు. మధ్యలో నీళ్ళు తాగడానికి వెళ్ళాల్సొస్తే ఖాలాని కూర్చోబెట్టేదాన్ని. నువ్వు నాకు డ్యూటీ వేస్తాండావా, నక్కో అంటూనే కూర్చునేది.

రెండూ ఐదుకి చిన్నమ్మ.

మా టీచరు ఎప్పుడూ చెప్పేది, సమాధానం పూర్తి వివరాలతో రాస్తేనే పూర్తి మార్కులని. నేను పూర్తి వివరాలతో రాశాను. ఏ విల్లా, ఏ తలుపు. మా అమ్మకి సొంత చెల్లెలు. మా ఇంటికి భోజనానికి వస్తుంది. ఎన్నింటికి తిరిగి వెళ్తుంది. ఏడు రోజులు, ఏడు సార్లు, నీలం పెన్నుతో. వారంలో ఒక్క నాగా కూడా లేని మనిషి ఆమె ఒక్కతే కాబట్టి కింద ఎర్రగీత కూడా కొట్టాను.

ఏడోరోజు సాయంత్రం ఖాలా గదిలో ఆ పట్టిక నా చేతే పైకి చదివించారు. బడిలో ప్రార్థనప్పుడు చదివే గొంతుతో చదివాను. గదిలో ఆరుగురు పెద్దవాళ్ళు. నాయన ఉన్నాడు. అమ్మ ఉంది. ఖాలా, ఖాలా వాళ్ళాయన, లాండ్రీ ఆయన, బాబాయి. చిన్నమ్మ గురించి వచ్చినప్పుడు అందరూ తల ఊపారు. మేక దగ్గర నవ్వారు. బాబాయి కాగితాలు తీసుకుని, మడత పడకుండా ఫైల్లో పెట్టి, "ఫస్ట్ క్లాసమ్మా," అన్నాడు.

ఇన్నేళ్ళుగా నేను మనసులో ఆ గదిలోకి వెళ్ళి వస్తూనే ఉన్నాను. పదకొండేళ్ళ పిల్లకి తట్టలేదు సరే. ఆ అబద్ధాన్ని ఇన్నాళ్ళూ కాపాడిన ఆ ఆరుగురిలో ఒక్కరికి తట్టొద్దా. ఆ ఇంటికి కొబ్బరినూనె వాసన పోకూడదని జాగ్రత్తపడ్డ అమ్మకి తట్టొద్దా. ఇంగ్లీషులో చదివితే మన సంగతి కూడా ఎవరిదో అనిపిస్తుందేమో. పైగా అది రికార్డు. మనల్ని ఎవరో మొదటిసారి పరిశీలిస్తామన్నారు. ఆ మాటకే మురిసిపోయి, దాచుకోవాల్సినదంతా గీతలు కొట్టి మరీ ఇచ్చాం.

ఈ మొత్తం వ్యవహారంలో తన పని సక్రమంగా చేసినవాడు ఒక్కడే. కాంపౌండు ఆఫీసు మర్యాదస్తుడు. పరిశీలిస్తానన్నాడు, పరిశీలించాడు. మా పట్టిక పట్టుకుని గుట్ట మీది ఇళ్ళకి ముందు గేటు నుంచి వెళ్ళి, ఒక్కో ఇంట్లో అడిగాడు. మామనీ అడిగాడు, మీ పనిమనిషి రోజూ రెండూ ఐదుకి వెనక తలుపు నుంచి ఈ ఇంటికి వెళ్తుందట, నిజమేనా అని.

ఆ రోజు రెండూ ఐదుకి చిన్నమ్మ రాలేదు. సంగటి మీద నెయ్యి పేరుకుంది. మర్నాడూ రాలేదు. అప్పట్లో ఆమె దగ్గర సెల్‌ఫోన్ లేదు. ఆ ఇంట్లో ఫోను ఉంది. కానీ లేని అక్క ఫోన్ చేయకూడదు. అమ్మ సిక్కా చివరిదాకా వెళ్ళి, ఆ వంటింటి తలుపు చూసి, కొట్టకుండా తిరిగొచ్చింది. తలుపుకి కొత్త గడియ ఉందని మాత్రం చెప్పింది.

మూడో రోజు గోడ కట్టేవాళ్ళు వచ్చారు. ఇద్దరు మేస్త్రీలు, నలుగురు లేబరు. నిజామాబాద్ వైపు వాళ్ళు. సిమెంటు బిళ్ళలు మోస్తూ తెలుగులో తిట్టుకుంటుంటే విని అమ్మ బయటికొచ్చింది. మాటలు కలిశాయి. ఎండ కొరుకుతోంది. అమ్మ లోపలికెళ్ళి ఒక తపేలాడు మజ్జిగ చేసి, ఉప్పు, ఎర్రగడ్డ ముక్కలు వేసి తెచ్చిచ్చింది. మా దారి మూసే గోడకి మజ్జిగ మేమే పోశాం. వాళ్ళేం చేస్తారు పాపం, వాళ్ళది డ్యూటీ అంది అమ్మ. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. మర్యాదస్తుడిదీ డ్యూటీనే. ఏజెంటుదీ డ్యూటీనే. ఎవరి డ్యూటీ వాళ్ళు చేసుకుపోతే చాలు, ఎవరూ చెడ్డవాళ్ళు కాకుండానే ఒక మనిషిని నలిపేయొచ్చు.

గోడ అడుగున నేల దగ్గర రెండు జానల కంత వదిలారు, ఇనప చువ్వలు పెట్టి. అదెందుకని పెద్ద మేస్త్రీని అడిగాను.

"గుట్ట మీద వాన పడితే నీళ్ళన్నీ గిట్లనే వస్తయి బిడ్డా. నీళ్ళకు తొవ్వ ఇయ్యకుంటే గోడ పడ్తది," అన్నాడు.

మస్కట్‌లో వాన ఎప్పుడో ఒకసారి పడుతుంది. చిన్నమ్మ రోజూ వచ్చేది. నీళ్ళకి దారి వదిలారు. ఎందుకంటే నీళ్ళు ఊరుకోవు.

గోడ పూర్తయిన రెండో రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఆ సమయానికి ఉండలేక, నేను సిక్కాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. తడి సిమెంటు వాసన. కాసేపటికి కంతలోంచి లుబాన్ వాసన వచ్చింది. బోర్లా పడుకుని చూశాను. చువ్వల అవతల ప్లాస్టిక్ చెప్పులు, వాటిలో పగిలిన మడమలు.

"ఏమ్మే, బువ్వ తిన్న్యావా?" అంది చిన్నమ్మ గొంతు.

ఏడుస్తూ అమ్మని పిలవబోయాను. గమ్మునుండు, మామ ముందర హాల్లో ఉండాది, చెత్త పారేయడానికని వచ్చినా అంది. తను కూడా అటువైపు నేల మీద కూర్చున్నట్టుంది. మొహం కనబడలేదు, మోకాళ్ళు కనబడ్డాయి. గబగబా చెప్పింది. మామ అరవలేదంట. కొట్టనూ లేదంట. సోఫాలో కూర్చోబెట్టి, కాగితాలు తెప్పించుకుని, తనే అరబ్బీలో అర్థం చెప్తూ మొత్తం చదివి వినిపించిందంట. ఆరేళ్ళు నా ఇంట్లో తిని నీకెవరూ లేరని చెప్పినావు, నేను ప్రతి పండక్కీ నువ్వు ఒంటరిదానివని నిన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను అని ఏడ్చిందంట. ఆవిడ ఏడవడమే తట్టుకోలేకపోయానని చెప్పింది చిన్నమ్మ. పంపించేయడం లేదంట. ఖురియాత్‌లో మామ వాళ్ళమ్మ ఉంది, ముసలామె, మంచంలో ఉంది. రేపట్నుంచి అక్కడ డ్యూటీ. సముద్రం పక్కన, ఇక్కడికి కారులోనే చాలా దూరం. అక్కడ నాకు నిజంగానే ఎవురూ లేరులే, ఇంక అబద్ధం చెప్పే పని లేదు అంది.

నేను ఏదో చెప్పబోయాను. అది నేనే రాశానని. ఆమెకి తెలుసు.

"నీ చేతిరాత బాగుండాదంట మే," అంది చిన్నమ్మ. "మా మామ చెప్పింది. ముత్యాల మాదిరి ఉండాదంట. ఎవురు రాసినారని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"మా అక్క కూతురని చెప్పినా. ఇంగ దాచేదేముండాది."

చువ్వల మధ్యలోంచి రెండు వేళ్ళు ఇవతలికి వచ్చాయి. పట్టుకున్నాను. ఎండు నిమ్మకాయ వాసన. అటు ఎవరో పిలిచారు. వేళ్ళు వెళ్ళిపోయాయి, చెప్పులు వెళ్ళిపోయాయి.

తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ మండుతుంది. బాబాయి సిస్టం అలా ఉందండీ అన్నాడు, ఏ సిస్టమో చెప్పలేదు. ఖాలా మాత్రం మిగిలిన అర్జీ నకలుని తీసుకుని, చించకుండా, జాకెట్టు ముక్క కొలతకి కత్తిరించుకుంది. మంచి కాగితం వృథా ఎందుకు అంది, కత్తెర మాత్రం ఎన్నడూ లేనంత గట్టిగా ఆడింది. అమ్మ నన్ను తిట్టలేదు. నా నోటు పుస్తకాలు మాత్రం తెరవడం మానేసింది. కొత్త తరగతిలో మా టీచరు, ఈ పిల్ల చేతిరాత ఉన్నట్టుండి ఎందుకిలా కోడి కెలికినట్టు తయారైందని నాయనకి కబురు పెట్టింది. నాయన వెళ్ళి, సర్దుకుంటుందిలెండి అని చెప్పి వచ్చాడు. సర్దుకోలేదు. అందుకే కంప్యూటర్ల పనిలో చేరాను.

పోయిన వారం మేనేజరు అడిగిన ఫారం నేను చేయనన్నాను. కారణం అడిగాడు. నడిచేవాళ్ళని లెక్కపెట్టండి, ఎవరని ఎందుకు, ఎక్కడికని ఎందుకు అన్నాను. వివరాలుంటేనే కదా పరిశీలన అన్నాడు. ఫారం ఇంకొకరికి ఇచ్చాడు. ఆ రోజంతా పనిచేయకుండా కూర్చుని హమ్రియా పటం తెరిచి పెద్దది చేస్తూ పోయాను. మా బిల్డింగు ఉంది. గుట్ట మీద విల్లాలు ఉన్నాయి. మధ్యలో సందు లేదు, గోడా లేదు, ఒక బూడిద రంగు ముక్క ఉంది. ఆ పటం ప్రకారం మా చిన్నమ్మ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

డ్రైవింగ్ లైసెన్సు వచ్చాక నేను ఒంటరిగా వెళ్ళిన మొదటి ఊరు ఖురియాత్. చిన్నమ్మ ఇంకా అక్కడే ఉంది. ఆ ముసలామె పోయింది, ఇప్పుడు ఆమె కోడలి పిల్లల్ని చూస్తోంది. మంచివాళ్ళు. నేను వస్తున్నానని చెప్తే గేటు దగ్గరికి వాళ్ళే ఎదురొచ్చి, ఖర్జూరం, కహ్వా కాఫీ ఇచ్చి, సాయంత్రం దాకా తీసుకెళ్ళమన్నారు. చిన్నమ్మ కారులో ముందు సీట్లో బిగుసుకుని కూర్చుంది. జుట్టు నెరిసింది. ఎటు పోదాం చిన్నమ్మా అంటే నాకేం తెలుసు మే అంది. సముద్రం చూపించమన్నాను. ఏ వైపో తెలియదంది. ఆ ఇంటి మిద్దె మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. నడిస్తే పది నిమిషాలు. పడవలు ఒడ్డుకి లాగి ఉన్నచోట కారు ఆపాను. ఆమె దిగలేదు.

ఇన్నేళ్ళలో ఇక్కడికి ఒక్కసారి కూడా రాలేదా అని అడిగాను. తలుపు వేస్తారా, పోవద్దంటారా అని గొంతు పెంచి అడిగాను. ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవడానికి నేను సిద్ధంగా వచ్చాను.

"తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటాది," అంది చిన్నమ్మ. అద్దంలోంచి నీళ్ళకేసి చూస్తూ, వెనకటి మాదిరే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనే పోను మే. ఎవురన్నా రాసుకుంటే?"